గుండెలో మోగే ఆ 'ధన్'... ఇంటికొస్తే?

హాల్లో లైట్లు ఆరాయి. తెర మీద హీరో మొహం ఇంకా చూపించలేదు. ముందు బూటు కనిపించింది. ఆ బూటు నేలకి ఆనగానే 'ధన్' అని ఒక మోత! ఆ మోతకి కూర్చున్న కుర్చీ అదిరింది, గుండెలో ఏదో కదిలినట్టయింది. ముందు వరసల్లోంచి కాగితాలు ఎగిరాయి, ఈలలు మోగాయి. మీరూ ఒక ఈల వేసే ఉంటారు, దాచకండి!

కొన్నాళ్లకి అదే సినిమా ఇంట్లో టీవీలో వచ్చింది. అమ్మ వంటింట్లో పోపు పెడుతోంది. తమ్ముడు రిమోటు వదలడు. హీరో బూటు మోపాడు. 'టప్'. అంతే! పక్కగదిలో ఎవరో పలక జారవిడిచినట్టు! అదే హీరో, అదే బూటు, అదే రీరికార్డింగు. మరి ఆ 'ధన్' ఏమైనట్టు?

దాన్ని మోయగలిగే డబ్బా మన ఇంట్లో లేదు. ఆ డబ్బా పేరు సబ్‌వూఫర్. ఈమధ్య కుర్రాళ్ల గదుల్లో ఇది బాగా కనిపిస్తోంది. కానీ పదిళ్లకి వెళ్లి వింటే ఏడిళ్లలో ఒకటే గోల. పాట వినపడదు, డైలాగు వినపడదు, 'గుమ్ గుమ్' మని మోతే మోత. డబ్బా కొనడం తేలిక. దాన్ని కలపడంలోనే ఉంది కిటుకంతా!

తెర వెనక పెద్దన్నలు

ఈ మోత కథ ఇవాళ్టిది కాదు. 1974లో హాలీవుడ్‌లో 'ఎర్త్‌క్వేక్' అనే సినిమా తీశారు. భూకంపం చూపిస్తే చాలదు, జనం కాళ్ల కింద నేల కదలాలి అనుకున్నారు యూనివర్సల్ వాళ్లు. 'సెన్‌సరౌండ్' అని పేరు పెట్టి, మంచాలంత పెట్టెలు హాళ్లలో దింపారు. ఆ అదురుకి పెచ్చులూడి ప్రేక్షకుల నెత్తిన పడతాయేమోనని చైనీస్ థియేటర్‌లో సీలింగు కింద వల కట్టారంటే మీరే ఊహించుకోండి! 1977లో 'స్టార్ వార్స్' 70 ఎం.ఎం. ప్రింట్లలో ఆరు ట్రాకులు ఉంటే, అందులో రెండు ట్రాకుల్ని అచ్చంగా ఈ లోతు శబ్దాలకే కేటాయించారు.

మన తెలుగు వాళ్లకి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో రుచి చూపించింది 1986లో కృష్ణగారి 'సింహాసనం'. తరవాత 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ వచ్చింది. '5.1' అని పోస్టర్ల మీద చూస్తుంటాం కదా, అందులో 5 అంటే తెర దగ్గర మూడు, పక్కల రెండు. ఆ చివరి 'పాయింట్ వన్' మన మోతగాడే! 120 హెర్ట్జ్ లోపు శబ్దాలు మాత్రమే పలికే ట్రాకు కాబట్టి ఒక పూర్తి ట్రాకుగా లెక్కెయ్యలేదు పాపం.

ఇక్కడో రహస్యం. 5.1 సినిమాని రెండు స్పీకర్ల సెట్టుకి కుదించేటప్పుడు చాలాసార్లు ఆ పాయింట్ వన్‌ని మొత్తానికే వదిలేస్తారు. చిన్న స్పీకర్లు దాన్ని మొయ్యలేవని తెలుసు గనక. టీవీలో 'టప్' మనడానికి అదీ ఒక కారణం.

మూడంగుళాల కోను ఏం చేస్తుంది పాపం!

శబ్దమంటే గాలి కదలడం. మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందంటారు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డప్పు, డోలు, తబలాలో ఎడమచేతి డగ్గా, బాంబు పేలుడు... ఇవన్నీ ఆ కింది అంతస్తు వాళ్లే. శబ్దం స్థాయి సగానికి దిగిందనుకోండి, అంతే జోరుగా వినపడాలంటే స్పీకరు కోను నాలుగింతలు ముందుకీ వెనక్కీ ఊగాలి. మూడంగుళాల కోను ఎంతని ఊగుతుంది? పదంగుళాల కోను వైశాల్యం దానికి పదకొండు రెట్లు. అందుకే అది కాస్త కదిలితే చాలు, బోలెడు గాలి కదులుతుంది.

మరి అన్ని స్పీకర్లూ పెద్దవే పెట్టుకోవచ్చు కదా అంటారా? అక్కడే మన చెవి మనకో సాయం చేసింది. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. ఆ అల పొడవే నాలుగు మీటర్ల పైన! కాబట్టి మోత కోసం ఒక్క డబ్బా చాలు, దాన్ని సోఫా పక్కనో బల్ల కిందో దాచెయ్యొచ్చు. మాటా పాటా పలికే చిన్న స్పీకర్లని టీవీకి అటూ ఇటూ పెడితే, అంతా వాటిలోంచే వస్తున్నట్టుంటుంది. ఈ ఉపాయాన్ని 1987లో అమర్ బోస్ కంపెనీ 'అకూస్టిమాస్' పేరుతో ఇళ్లకి తెచ్చి సంచలనం సృష్టించింది. అరచేతిలో పట్టే స్పీకర్లు కళ్లెదుట, బేస్ పెట్టె కనపడకుండా. అన్నట్టు ఈ బోస్‌గారు ఫిలడెల్ఫియాలో పుట్టినా తండ్రి బెంగాలీ. మనవాడే అనుకుందాం!

నాన్నగారి యాంప్లిఫయర్ పొగ

ఇంత చెబుతున్న ఈ పెద్దమనిషి మొదట్లో చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. మా ఇంట్లో నాన్నగారి యాంప్లిఫయర్ ఒకటుంది. జీతంలోంచి నెలనెలా దాచి కొన్నది. దాని మీద దుమ్ము కూడా ఆయనే తుడవాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఆయన ఊరెళ్లిన ఆదివారం నేను ఒక పాత బేస్ డబ్బా మోసుకొచ్చాను. కరెంటు తీగ లేని రకం, ఉత్త స్పీకరన్నమాట. ఉన్న స్పీకర్ల వైర్లకే దీని వైర్లు మెలిపెట్టి కలిపేశాను. అబ్బ, మొదటి పది నిమిషాలు చూడాలి నా ఆనందం! ఇంటర్వెల్ రాకముందే కాలిన వాసన. తరవాత సన్నగా పొగ. తరవాత నిశ్శబ్దం.

మా వీధి చివర మెకానిక్ మూత విప్పి, వాసన చూసి, నా వైపు జాలిగా చూశాడు. "బాబూ, ఓమ్‌లు చూసుకున్నావా?" అన్నాడు. ఓమ్‌లా? అవేవో ఫిజిక్సు పుస్తకంలో వదిలేసి వచ్చాను!

యాంప్లిఫయర్ వెనకాల '8 ఓమ్స్' అని రాసి ఉంది. అంతకంటే తక్కువ అడ్డు ఉన్న స్పీకరు తగిలిస్తే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. నా స్పీకరు 8, పక్కన మెలిపెట్టిన డబ్బా 4. రెండూ అలా పక్కపక్కన కలిస్తే పన్నెండు కాదు, మూడు కూడా ఉండదు! ఒక ఎద్దు లాగే బండికి మూడు బళ్ల బరువెక్కించినట్టు. నాన్నగారు రాగానే ఏమన్నారో ఇక్కడ రాయలేను. రిపేరు ఖర్చు మాత్రం నా ట్యూషన్ల డబ్బులోంచే పోయింది.

అందుకని మొదటి మాట: సొంత కరెంటు ప్లగ్గు ఉన్న సబ్‌వూఫరే కొనండి. దానిలోనే దాని యాంప్లిఫయర్ ఉంటుంది. మన పాత సెట్టు మీద భారం పడదు.

ఏ వైరు ఎక్కడికి?

పని మొదలెట్టే ముందు అన్ని ప్లగ్గులూ పీకెయ్యండి. ఇది మర్చిపోతే మిగతాదంతా చదవడం దండగ.

మీ సెట్టు వెనక 'సబ్ అవుట్' అనే గుండ్రటి రంధ్రం ఉంటే మీరు అదృష్టవంతులు. ఒక్క వైరు అక్కడి నుంచి సబ్‌వూఫర్‌లో 'ఎల్.ఎఫ్.ఇ.' అని రాసి ఉన్న రంధ్రానికి. సెట్టు మెనూలో స్పీకర్ల సైజు అడుగుతుంది. 'స్మాల్' అని చెప్పండి. 'మా స్పీకర్లు చిన్నవా?' అని పౌరుషానికి పోయి 'లార్జ్' అన్నారో, మోతంతా మళ్లీ ఆ చిన్న కోన్ల నెత్తినే పడుతుంది. పక్కన 'క్రాసోవర్' అని ఉంటుంది. వాటాలు పంచే పెద్దమనిషి అది. 80 అని పెడితే 80 హెర్ట్జ్ పైవి చిన్న స్పీకర్లకీ, కిందివి డబ్బాకీ వెళతాయి. అరచేతి సైజు స్పీకర్లయితే 120 దాకా పెంచండి. ఈ పంపకం సెట్టే చేస్తోంది కాబట్టి డబ్బా వెనకున్న క్రాసోవర్ మరని చివరిదాకా తిప్పి వదిలెయ్యండి. ఇద్దరు పెద్దమనుషులు ఒకే తగువు తీరిస్తే ఏమవుతుందో మనకి తెలుసు!

'సబ్ అవుట్' లేని పాత స్టీరియో యాంప్లిఫయరా? అప్పుడు సబ్‌వూఫర్ వెనక 'హై లెవెల్' లేక 'స్పీకర్ ఇన్' అనే బిగింపులు ఉన్నాయేమో చూసి కొనండి. యాంప్లిఫయర్ నుంచి స్పీకర్లకి వెళ్లే వైర్లు అలాగే ఉంచి, అవే బిగింపుల నుంచి ఇంకో జత సబ్‌వూఫర్‌కి లాగండి. 'అదేమిటి, మీరూ అలా కలిపే కదా కాల్చుకున్నారు' అంటారా? భలే పట్టేశారు! తేడా ఉంది. ఈ డబ్బాకి సొంత యాంప్లిఫయర్ ఉంది గనక అది కరెంటు లాగదు, పక్కన నిలబడి పాట విని పోతుందంతే. ఈ పద్ధతిలో వాటాలు పంచేది డబ్బా మీది మరే. చిన్న స్పీకర్లు ఎక్కడ చేతులెత్తేస్తున్నాయో చెవితో చూసుకుని 100కీ 120కీ మధ్య ఎక్కడో ఆపండి.

సబ్‌వూఫర్‌కి ఆ బిగింపులు లేకపోతే కారు స్టీరియో షాపుల్లో 'హై టు లో కన్వర్టర్' అని చిన్న డబ్బీ దొరుకుతుంది. అది మధ్యలో ఉండాలి. స్పీకరు వైరుని నేరుగా గుండ్రటి రంధ్రంలోకి దూర్చే ప్రయత్నం మాత్రం చెయ్యకండి.

ఇంకో గండం ఉంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే అరచేతంత బ్లూటూత్ యాంప్లిఫయర్లు చూశారా? చాలావాటిలో కుడి స్పీకరు నలుపు బిగింపూ, ఎడమ స్పీకరు నలుపు బిగింపూ ఒకటి కావు. రెంట్లోనూ కరెంటు ఆడుతూనే ఉంటుంది. రెండు నలుపుల్నీ ఒకచోట కలిపే డబ్బా గానీ కన్వర్టర్ గానీ తగిలిస్తే, చిన్న చిటుక్కుమన్న చప్పుడుతో కథ సమాప్తం. కొనేముందు రెండింటి కాగితాలూ చదవాలి. ఎర్ర బిగింపుకి ఎరుపు, నల్లదానికి నలుపు, విడిపోయిన రాగి పోగు ఒక్కటి కూడా పక్క బిగింపుకి తగలకుండా... ఇవి చెప్పక్కర్లేదనుకుంటాను.

నేల మీద పాకే శాస్త్రం

కలిపేశాం. ఎక్కడ పెట్టాలి? అందరూ మూలన పెడతారు. మూలన పెడితే మోత పెరుగుతుంది నిజమే, కానీ గుమ్మెత్తి ఏ దెబ్బకి ఆ దెబ్బ తెలీకుండా పోతుంది. గదికి కూడా ఒక శ్రుతి ఉంటుంది మరి! పన్నెండడుగుల గది పొడవు 47 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, పదడుగుల వెడల్పు 56 దగ్గర. ఆ స్వరాలు వచ్చినప్పుడల్లా గది కూడా గొంతు కలుపుతుంది. ఒకచోట చెవులు పగిలే మోత, రెండడుగులు జరిగితే ఏమీ వినపడదు.

దీనికో తమాషా చిట్కా ఉంది. మీరు రోజూ కూర్చునే చోట సబ్‌వూఫర్‌ని కూర్చోపెట్టండి. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, మీరు నేల మీద గోడవార పాకండి. ఏ చోట ప్రతి దెబ్బా విడివిడిగా, శుభ్రంగా వినపడుతుందో అదే డబ్బా చోటు. నేను పాకుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం పోయిందిరా, ఉంగరమా?" అంది. ఏమనుకున్నా సరే, పాకండి!

తరవాత 'ఫేజ్' అనే బొత్తాం. సున్నా, 180 అని రెండే. చిన్న స్పీకర్లు గాలిని ముందుకి తోస్తున్నప్పుడు డబ్బా వెనక్కి లాగితే ఒకరి పని ఒకరు చెరుపుకుంటారు. ఒకరిని మీట నొక్కమని మీరు కుర్చీలో కూర్చోండి. ఎటు పెడితే డోలు నిండుగా ఉందో అటే ఉంచండి. సన్నగా 'హమ్' అని ఒకటే రాగం వస్తుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు పాట. సెట్టునీ డబ్బానీ ఒకే స్విచ్ బోర్డుకి తగిలిస్తే చాలావరకు మానుతుంది. కేబుల్ టీవీ వైరు కూడా ఒకసారి పీకి చూడండి, దొంగ అక్కడా ఉండొచ్చు.

అపార్టుమెంటులో ఉండేవాళ్లు డబ్బా కింద మందపాటి రబ్బరు ముక్కో స్పాంజో వెయ్యండి. లోతు శబ్దాలకి గోడలంటే లెక్కలేదు. మీరు యాక్షన్ సీను చూస్తుంటే కింది ఇంటివాళ్ల స్టీలు గ్లాసులు డాన్సు చేస్తాయి. మేళతాళాలతో మెట్లెక్కి వచ్చేస్తారు!

ఇక మోత ఎంత? కుర్రకారుకి ఇక్కడే మనసొప్పదు. కొన్న డబ్బు కనపడాలి, వీధంతా వినపడాలి. నా మటుకు నేను సున్నా దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతాను. డబ్బా మోగుతోందని తెలియగానే ఆపి, ఒక పిసరు వెనక్కి తిప్పుతాను. డబ్బా ఉన్నట్టు తెలియకూడదు. తీసేస్తే మాత్రం తెలిసిపోవాలి. గాయని ఊపిరి తీసుకోవడం, మెల్లగా చెప్పిన డైలాగు, వెనక వయొలిన్లు... ఏ ఒక్కటి మోత కింద మునిగినా ఇంకో పిసరు తగ్గించాల్సిందే.

ఆ బాగైన యాంప్లిఫయర్‌కే మొన్న నాన్నగారికి చెప్పకుండా కొత్త డబ్బా కలిపాను, ఈసారి ప్లగ్గున్నది. ఆయన పేపరు చదువుకుంటూ పాత పాటలు వింటున్నారు, దాని సంగతి గమనించనేలేదు. పరీక్షిద్దామని పాట మధ్యలో సబ్‌వూఫర్ స్విచ్చి మెల్లగా ఆపేశాను. ఆయన పేపరు దించి ఫాను వైపు చూశారు.

"ఏరా, ఓల్టేజీ ఏమైనా తగ్గిందా?"