తెర మీద నీలి గడి

కొలొనోస్కోపీ చేసే డాక్టరు చూపు రోగి మీద ఉండదు, ఎదురుగా ఉన్న తెర మీద ఉంటుంది. దాదాపు మీటరున్నర పొడవుండే పెద్దపేగు మొదటిదాకా కెమెరా ఉన్న గొట్టాన్ని పంపి, మెల్లగా వెనక్కి తీసుకుంటూ చూసే ఆ కొద్ది నిమిషాలే అసలు పరీక్ష. ఇలా వెనక్కి తీస్తూ చూడడానికి కనీసం ఆరు నిమిషాలైనా కేటాయించాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. తెర మీద గులాబీ రంగు గోడ, దాని ముడతలు, అక్కడక్కడా మిగిలిన పచ్చటి ద్రవం, నురగ కదిలిపోతుంటాయి. ఏదో ఒక ముడత చాటున కందిగింజంత పాలిప్, అంటే గోడ మీద పెరిగిన చిన్న కండ, ఉండొచ్చు. కాడతో లేచి నిలబడ్డ పాలిప్ ఎవరి కంటికైనా ఆనుతుంది. గోడకు అంటుకుని, చదునుగా, పైన పలచటి జిగురు పొరతో ఉండేవే చిక్కు. రంగులో రంగు కలిసిపోయి, అనుభవం ఉన్న కన్ను కూడా వాటిని దాటి వెళ్లిపోతుంది.

దాటి వెళ్లకూడదు. ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్‌తోనే మొదలవుతుంది. అడినోమా అనే రకం పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. అన్నీ మారవు. ఏది మారుతుందో ముందుగా చెప్పలేరు కాబట్టి కనిపించినదాన్ని అక్కడికక్కడే తీసేస్తారు. వెతకడమూ, రాకుండా ఆపడమూ ఒకే చోట జరిగే పరీక్షలు వైద్యంలో ఎక్కువ లేవు. 2022లో ప్రపంచం మొత్తం మీద 19 లక్షల మందికి పైగా ఈ జబ్బు బయటపడింది, దాదాపు 9 లక్షల మంది దీనికి బలయ్యారు. వీటిలో ఎన్నో ఆపగలిగినవే కదా అన్న బాధ ఈ అంకెలు చూసినప్పుడల్లా కలుగుతుంది.

అయితే చూసే కన్నును బట్టి ఫలితం మారిపోతోంది. ఉత్తర కాలిఫోర్నియాలో 136 మంది డాక్టర్లు చేసిన 3 లక్షలకు పైగా కొలొనోస్కోపీలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్క్రీనింగ్‌కు వచ్చిన ప్రతి వందమందిలో ఒక డాక్టరు ఏడుగురిలో అడినోమా కనిపెడితే, మరొకరు 52 మందిలో కనిపెట్టారు. ఈ రేటు ఒక్క శాతం పెరిగితే, పరీక్ష చేయించుకున్నవారికి తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గుతోందని తేలింది.

కృత్రిమ మేధకు ఇక్కడే పని దొరికింది. పాలిప్ ఎక్కడుందో డాక్టర్లు గుర్తు పెట్టిన వేల చిత్రాలను కంప్యూటరుకు చూపిస్తారు. అంచు, మెరుపు, గరుకుదనం, రంగులో సన్నటి మార్పు వంటి తేడాలను అది తనంతట తానే పట్టుకుంటుంది. చైనాలోని చెంగ్డూలో వాడి చూసిన వ్యవస్థకు 5,545 చిత్రాలతో శిక్షణ ఇచ్చారు. పరీక్ష నడుస్తుండగానే కెమెరా పంపే ప్రతి దృశ్యాన్నీ అది చూస్తుంది. అనుమానం వచ్చిన చోట తెర మీద నీలి గడి గీసి, చిన్న మోత వినిపిస్తుంది. అక్కడ ఆగి చూసి, అది పాలిప్ అవునో కాదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే. నురగనూ మలం తునకనూ చూసి కూడా యంత్రం ఒక్కోసారి పొరబడుతుంది.

1,058 మంది మీద చెంగ్డూలో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. యంత్రం తోడు లేనప్పుడు 20.3 శాతం మందిలో అడినోమాలు దొరికితే, తోడున్నప్పుడు 29.1 శాతం మందిలో దొరికాయి. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి మరో పరికరానికి అనుమతి ఇచ్చింది. అయితే చెంగ్డూలో అదనంగా దొరికినవి ఎక్కువగా 5 మిల్లీమీటర్ల లోపువే. పెద్ద అడినోమాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. చిన్నవాటిని తీసేయడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో తేలాలంటే ఏళ్ల తరబడి గమనించాలి.

నన్ను ఇంతకంటే ఎక్కువగా ఆలోచనలో పడేసింది పోలండ్ నుంచి 2025లో వచ్చిన అధ్యయనం. అక్కడి నాలుగు కేంద్రాల్లో, ఒక్కొక్కరు రెండు వేలకు పైగా కొలొనోస్కోపీలు చేసిన డాక్టర్లు యంత్రానికి అలవాటుపడ్డారు. ఆ తర్వాత యంత్రం లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు అడినోమాలు కనిపెట్టే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. ఇది జరిగినదాన్ని గమనించి రాసిన అధ్యయనమే గనక, కారణం అలవాటేనని గట్టిగా అనలేం. అయినా కొత్తగా గొట్టం పట్టే యువ డాక్టర్లకు మొదటి కొన్ని వందల పరీక్షలు యంత్రం లేకుండానే నేర్పాలని నా అభిప్రాయం. గడి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే కన్ను ముడత చాటుకు వెళ్లి వెతకదు. కెమెరా తిరగని చోటును యంత్రమూ చూడలేదు. ముందురోజు ఇచ్చిన మందు నీళ్లు పూర్తిగా తాగక పేగు శుభ్రపడకపోతే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా మలం కింద ఉన్నదాన్ని చూపించలేదు.

మన దగ్గర అసలు సమస్య ఇంకా ముందే ఉంది. దేశంలో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే ఉంది, పెద్దపేగు అందులో లేదు. మలంలో రక్తం పడితే మొలలని సరిపెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక నెలలు గడిపేవాళ్లు ఎందరో. మొలలే కావచ్చు, కానీ ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి. మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తహీనత వచ్చినా అంతే. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, బాధలేమీ లేకపోయినా 40 ఏళ్లకు కొలొనోస్కోపీ చేయించుకోవాలి. లేదా వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే చేయించుకోవాలి. ఈ రెండింటిలో ఏది ముందొస్తే అది లెక్క. తండ్రికి 46వ ఏట బయటపడితే పిల్లలకు 36వ ఏటనే పరీక్ష మొదలు కావాలి.