తీరాన వసతిగృహం, చట్టంలో వివాహం

చారిత్రక ప్రణయ నవల అంటే గతించిన ఒక కాలపు ఆచారాలనూ చట్టాలనూ ఆధారం చేసుకుని ప్రేమకథను నడిపే రచన. అక్కచెల్లెళ్లు కలిసి సముద్రతీరాన వసతిగృహం నడుపుకునే ఇతివృత్తానికి రీజెన్సీ యుగపు ఇంగ్లండ్, అంటే మూడవ జార్జి అస్వస్థుడు కాగా 1811 నుంచి 1820 వరకు ఆయన కుమారుడు రాజప్రతినిధిగా పాలించిన కాలం, ఎంతో అనువైనది.

సముద్రపు నీరు గ్రంథుల వ్యాధులను నయం చేస్తుందని రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో లాటిన్‌లో ఒక పుస్తకం వెలువరించగా, ఆ నీటిలో మునగడానికే కాక తాగడానికి కూడా జనం బ్రైటన్ వంటి బెస్త ఊళ్లకు తరలిరాసాగారు. స్నానానికి వచ్చిన స్త్రీ చక్రాల మీది కొయ్యగదిలో బట్టలు మార్చుకుంటుండగా గుర్రం ఆ బండిని నీళ్లలోకి లాగేది; అక్కడ నీటిలో నిలబడి ఉన్న పరిచారిక ఆమెను పట్టుకుని అలలో ముంచి లేపేది. ఇలా వచ్చినవారికి బస కావలసి రావడంతో, గదులు అద్దెకివ్వడం వితంతువులకూ అవివాహితలకూ ఒక బతుకుతెరువైంది. గదులు నిండుతాయా లేదా అన్న తీరపు ఊళ్ల ఆరాటాన్ని జేన్ ఆస్టిన్ 1817లో రాస్తూ అసంపూర్తిగా విడిచిన ‘శాండిటన్’లో చూడవచ్చు.

అయితే ఈ ఇతివృత్తానికి అసలు బలం సముద్రంలో కన్నా చట్టంలో ఉంది. పెళ్లికాని వయోజన స్త్రీ సొంతంగా ఆస్తి కలిగి ఉండి, ఒప్పందాలు చేసుకోగలిగేది. పెళ్లయిన మరుక్షణం, భార్యకు భర్త నుంచి వేరుగా చట్టపరమైన ఉనికి లేదనే ‘కవర్చర్’ సూత్రం ప్రకారం, ఆమె సొమ్మూ సామానూ భర్త సొంతమయ్యేవి, స్థిరాస్తి మీది రాబడి అతని చేతికి పోయేది. 1870, 1882 చట్టాలు వచ్చేదాకా ఇదే స్థితి. కనుక చెల్లెలు మనసిచ్చిన చోట పెళ్లాడితే, ఉమ్మడి ఇంటిలో ఆమె వాటా మీది పెత్తనం మరిదిదవుతుంది, అక్క బతుకు అతని దయకు లోబడుతుంది. కథానాయిక సంకోచాన్ని ఉత్త బిడియంగా చిత్రించే రచయితలు ఈ ప్రాణసంకటాన్ని చేజార్చుకుంటున్నారు.

దీనికి ఆనాడే ఒక మార్గం ఉండేది. పెళ్లికి ముందే ఆస్తిని ధర్మకర్తల పేర రాసి, దాని ఫలం భార్యకే దక్కేలా చేసే ఒప్పందాన్ని కలిగిన కుటుంబాలు రాయించుకునేవి. వరుడే చొరవ తీసుకుని న్యాయవాదిని పిలిపించి, ఆ ఇల్లు అక్కచెల్లెళ్లకే ఉండిపోయేలా పత్రం మీద సంతకం చేసే సన్నివేశం, ఏ వెన్నెల రాత్రి ముద్దు కన్నా గాఢమైన ప్రేమ ప్రకటన.