అతి కష్టమైన గంట కోసం ఒక ఫ్యాన్: భారీ లారీ ఇంజన్‌ను చల్లార్చే గాలి లెక్క

భారీ డీజిల్ ఇంజన్‌లో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు 40 శాతం మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలిన దానిలో పెద్ద వాటా పొగగొట్టం దారిన పోగా, పనిగా మారినదానిలో సగానికి అటూ ఇటూగా ఉండే మరో వాటా సిలిండర్ గోడల నుంచి కూలెంట్‌లోకి, అంటే నీటిలో గ్లైకాల్ కలిపిన ద్రవంలోకి చేరుతుంది. ఆ వేడిని గాలికి అప్పగించేది రేడియేటర్ అయితే, అందుకు కావలసిన గాలిని లాగేది దాని వెనుక తిరిగే ఫ్యాన్. లారీ హైవే మీద వేగంగా పోతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్ గుండా దూసుకుపోతుంది కనుక ఫ్యాన్‌తో దాదాపు అవసరమే పడదు. అందువల్ల దాని ఎంపికకు ఆధారం సగటు రోజు కాక ఏడాదిలోని అతి కష్టమైన గంట అవుతుంది. ఆ ఒక్క గంట కోసం అమర్చిన ఫ్యాన్ మిగతా కాలమంతా డీజిల్ తినకుండా చూడటమే ఇందులోని అసలు చిక్కు.

రామగుండం ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో లోతైన ఓపెన్‌కాస్ట్ గని నుంచి నిండు బరువుతో పైకి ఎక్కే డంపర్‌కు గానీ, దోర్నాల నుంచి శ్రీశైలం వైపు ఘాట్ రోడ్డు ఎక్కే లారీకి గానీ ఎదురుగాలి సాయం ఉండదు. కూలెంట్ 100 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, బయటి గాలితో దానికి తేడా 55 డిగ్రీలే. అదే 25 డిగ్రీల చల్లని రోజున ఆ తేడా 75 ఉంటుంది. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాకు అనులోమంగా ఉంటుంది కాబట్టి, అంతే గాలి వీచినా ఎండాకాలంలో అది నాలుగో వంతుకు పైగా తక్కువ వేడిని వదులుతుంది. 200 కిలోవాట్ల ఇంజన్ నుంచి కూలెంట్‌లోకి సుమారు 100 కిలోవాట్ల వేడి వస్తుందనీ, దాన్ని తీసుకుపోయే గాలి 30 డిగ్రీలు వేడెక్కుతుందనీ అనుకుంటే, సెకనుకు దాదాపు 3.3 కిలోల గాలి కావాలి. ఫ్యాన్ రేడియేటర్‌కు వెనుక ఉంటుంది గనుక దానికి అందేది అప్పటికే 75 డిగ్రీలకు వేడెక్కి పలచబడిన గాలి, ఘనమీటరుకు ఇంచుమించు ఒక కిలో మాత్రమే తూగేది. కాబట్టి అది సెకనుకు 3.3 ఘనమీటర్లు లాగగలగాలి. 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన బీఎస్-6 ఉద్గార ప్రమాణాల కోసం, పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి సిలిండర్‌లోకి పంపే ఏర్పాటున్న ఇంజన్లలో అలా పొగ నుంచి తీసిన వేడి కూడా కూలెంట్ మీదే పడుతుంది.

ఎంత గాలి కావాలో తేలినంత మాత్రాన ఫ్యాన్ తేలదు. ముందున్న జాలీ, ఏసీ కండెన్సర్, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, చివరగా రేడియేటర్, ఇవన్నీ గాలిని అడ్డగిస్తాయి. గాలి వేగం రెట్టింపైతే ఈ అడ్డంకి దాదాపు నాలుగు రెట్లవుతుంది. ప్రతి ఫ్యాన్‌కూ, ఎంత పీడనం కల్పిస్తే ఎంత గాలి నెట్టగలదో చూపే ఒక వక్రరేఖ ఉంటుంది; ఆ రేఖా, అడ్డంకి రేఖా ఖండించుకునే చోటే అది నిజంగా పనిచేస్తుంది. మరింత చల్లదనం కోసమని రేడియేటర్‌ను మందంగా చేస్తే అడ్డంకి పెరిగి, రెక్కల మీది నుంచి గాలి విడిపోయే స్థితికి ఫ్యాన్ చేరవచ్చు; అప్పుడు హోరు పెరుగుతుంది, గాలి మాత్రం తగ్గుతుంది.

వేగం పెంచితే సరిపోతుందన్న ఆలోచనకు అడ్డుపడేది ఘన నియమం. ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, పీడనం నాలుగు రెట్లవుతుంది, కానీ అది ఇంజన్ నుంచి లాగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పైగా 700 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఫ్యాన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే రెక్క కొన వేగం గంటకు 264 కిలోమీటర్లకు చేరుతుంది. చప్పుడు ఈ కొన వేగంతో అతి తీవ్రంగా పెరుగుతుంది కనుక, చోటున్నంతవరకు పెద్ద ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పడమే మేలు. రెక్కలను సమాన దూరాల్లో అమర్చకపోవడం కూడా ఇందుకే: తొమ్మిది రెక్కలు సమానంగా ఉంటే అదే వేగం వద్ద 300 హెర్ట్జ్‌ల ఒకే శ్రుతిలో రొద వినిపిస్తుంది.

కొత్తగా లెక్క వేసేవారు తరచు పొరబడే చోటు మరొకటి ఉంది. ఇంజన్ గరిష్ఠ వేగం దగ్గర ఫ్యాన్ చాలితే అన్నిచోట్లా చాలుతుందని అనిపిస్తుంది. కానీ ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ 2,200 చుట్ల దగ్గర కాక, టార్క్, అంటే ఇరుసును మెలితిప్పే బలం, అత్యధికంగా ఉండే 1,400 చుట్ల దగ్గర పూర్తి భారంతో శ్రమిస్తూ ఉండవచ్చు. అక్కడ బెల్టుతో తిరిగే ఫ్యాన్ గాలి 64 శాతానికి, పీడనం 40 శాతానికి పడిపోతాయి. అందుకే లెక్క రెండు చోట్లా సరిచూడాలి. చిన్న పుల్లీ పెట్టి ఫ్యాన్‌ను 1.2 రెట్ల వేగంతో తిప్పితే ఘాట్‌లో గాలి చాలుతుంది గానీ, గరిష్ఠ వేగం వద్ద అది లాగే శక్తి 73 శాతం పెరుగుతుంది.

ఫ్యాన్ మార్చేముందు చూడవలసినది దాని చుట్టూ ఉండే ష్రౌడ్, అంటే గాలిని రెక్కల వైపు మళ్లించే తొడుగు. రెక్క కొనకూ ఈ తొడుగుకూ మధ్య సందు ఎంత ఎక్కువైతే, వెనక్కి నెట్టిన గాలి అంతగా ముందుకు తిరిగివస్తుంది. రబ్బరు దిమ్మెల మీద కూర్చున్న ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్‌కు బిగించిన రేడియేటర్ ఊగదు. కాబట్టి సందు బాగా తగ్గిస్తే రెక్కలు తొడుగును తాకుతాయి. తొడుగు వలయాన్ని ఇంజన్‌కే బిగించి, రేడియేటర్‌తో మెత్తని రబ్బరు పట్టీ ద్వారా కలపడం దీనికి ఒక తెలివైన పరిష్కారం. పెద్ద ఫ్యాన్ కన్నా ముందు దీని మీద ఖర్చు పెట్టడమే సబబు.

ఇక మిగిలింది, అవసరమైనప్పుడే ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలిపే క్లచ్. విస్కస్ క్లచ్‌లో ఒకదాన్నొకటి తాకని రెండు గాడుల పళ్లేల మధ్య చిక్కని సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే, వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల పట్టీ మెలితిరిగి కవాటాన్ని తెరుస్తుంది. నూనె గాడుల్లోకి చేరి ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలుపుతుంది. కొత్త లారీలలో ఈ కవాటాన్ని ఇంజన్ కంప్యూటరే నడుపుతుంది. క్లచ్ గోల లేకుండా కారులో లాగా కరెంటు ఫ్యాన్ పెట్టవచ్చు కదా అన్న ప్రశ్నకు జవాబు తేలికే: 24 వోల్టుల బ్యాటరీ నుంచి ఇలాంటి ఫ్యాన్‌కు కావలసిన 20 కిలోవాట్లు తీయాలంటే 800 ఆంపియర్లకు పైగా విద్యుత్తు పారాలి.

క్లచ్ పాడైనప్పుడు కొందరు మెకానిక్కులు బోల్టులు బిగించి ఫ్యాన్‌ను ఇంజన్‌తో శాశ్వతంగా కలిపేస్తారు. బండి వేడెక్కదు, డ్రైవర్‌కు ఫిర్యాదు ఉండదు. అయితే 2,200 చుట్ల వద్ద 20 కిలోవాట్లు లాగే ఫ్యాన్ హైవే మీద 1,500 చుట్ల దగ్గర కూడా ఆరు కిలోవాట్లకు పైగా లాగుతుంది. అంటే అవసరం లేని గాలి కోసం గంటకు సుమారు లీటరున్నర డీజిల్ ఖర్చవుతుంది, పది గంటల ప్రయాణంలో అది 15 లీటర్లు.