యువతరం పలుకుబడి – కార్యాలయ వ్యవహారం: వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత సచివాలయాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
గ్రామ, వార్డు సచివాలయాల ఏర్పాటుతో ఆంధ్రప్రదేశ్‌లో భిన్న వయోవర్గాల ఉద్యోగులు ఒకే గదిలో పనిచేసే పరిస్థితి విస్తృతమైంది. యువోద్యోగుల మాటలు పెద్దలకు, పెద్దల దఫ్తరు మాటలు యువతకు కొరుకుడుపడని సందర్భాలు ఇక్కడ సహజం. ఈ వ్యాసం యువతరం పలుకుబడి నిర్మాణాన్ని, అర్థపరిణామాన్ని వివరిస్తుంది. తెలియని కొత్తమాట కన్నా తెలిసిన మాట కొత్త అర్థంలో రావడమే పనికి ఎక్కువ ఆటంకమని, దాని నష్టం చివరకు అర్జీదారుపై పడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వయోవర్గ భాష, పలుకుబడి, అర్థపరిణామం, పాలనాభాష, గ్రామసచివాలయం, రాయలసీమ తెలుగు.

1. ఉపోద్ఘాతం:
ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న ప్రారంభమైంది. ఇందుకోసం లక్షకు పైగా కొత్త ఉద్యోగులు నియమితులయ్యారు. డిజిటల్ అసిస్టెంటు, సర్వేయరు, సంక్షేమ సహాయకుడు, వ్యవసాయ సహాయకుడు వంటి కొలువుల్లో చేరినవారిలో చాలామంది చరవాణి చేతబట్టి పెరిగినవారు. వీరి పక్కనే దశాబ్దాలుగా అడంగళ్లు, రశీదు పుస్తకాలతో మెలగిన రెవెన్యూ, పంచాయతీ సిబ్బంది ఉన్నారు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లాగా ఏర్పడింది. వెలుగోడు, ఆళ్లగడ్డ మండలాలు అందులో భాగమయ్యాయి. తెలుగుగంగ జలాశయం ఉన్న వెలుగోడులోనూ, వరిసాగు విస్తారంగా ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాల్లోనూ సచివాలయానికి వచ్చే అర్జీల్లో పొలం, నీరు, పింఛను ముఖ్యమైనవి. రాయలసీమ తెలుగు, దక్కనీ ఉర్దూ, పాలనాపరిభాష, అంతర్జాలపు ఆంగ్లం అక్కడ ఒకేచోట కలుస్తాయి. వయోవర్గ భాషాభేదాన్ని పరిశీలించడానికి ఇది అనువైన క్షేత్రం. ఈ వ్యాసంలోని సంభాషణలు విషయవివరణ కోసం కూర్చినవి.

2. యాస, గ్రామ్యం, పలుకుబడి:
ఆంగ్లంలో స్లాంగ్ అనే దానికి తెలుగులో స్థిరపడిన సమానపదం లేదు. 'యాస' ప్రాంతీయోచ్చారణను సూచిస్తుంది. 'మాండలికం' ప్రాంత, సామాజికవర్గాలకు చెందిన భాషాభేదం. 'గ్రామ్యం' లాక్షణికులు దోషదృష్టితో పెట్టిన పేరు. ఈ వ్యాసంలో 'పలుకుబడి' అనే మాటను స్వీకరించడమైంది. దీనికి మాట్లాడే తీరు అనే అర్థంతోపాటు పరపతి అనే అర్థమూ ఉంది. కార్యాలయంలో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకు ఈ రెండర్థాలూ అవసరమే.

ఒక వర్గం తనవారిని గుర్తించడానికి, పైవారికి అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి ప్రత్యేకభాషను కల్పించుకోవడం కొత్త కాదు. పశువుల సంతలో దళారులు తువాలు కింద వేళ్లు పట్టి బేరమాడడం ఇటువంటిదే. సమాజపు అంచుల్లోని వర్గాలు కల్పించుకొనే ఇటువంటి భాషలను హాలిడే 1976లో 'ప్రతిభాష' అనే భావనతో వివరించాడు. కార్యాలయంలోని యువత అంతటి వెలివర్గం కాదు. అయినా అధికారశ్రేణిలో దిగువనున్నవారికి తమలో తాము మాట్లాడుకొనే భాష ఒక ఊరట అన్నంతవరకు ఆ భావన ఇక్కడా వర్తిస్తుంది.

3. పాతతరం మాటలూ ఒకనాటి కొత్తవే:
పెద్దలు సహజమనుకొనే దఫ్తరు భాష ఎంతవరకు తెలుగు? తాసిల్దారు, జమాబందీ, పంచనామా, దస్తావేజు, చలానా వంటివి పారసీక, అరబీ, ఉర్దూ మార్గాల్లో వచ్చి చేరినవి. జూలై 1న మొదలయ్యే 'ఫసలీ' సంవత్సరం నేటికీ రెవెన్యూ లెక్కల్లో కనిపిస్తుంది. సైన్యాన్ని సూచించే 'లష్కర్' కాలువగట్టు కాపలాదారు 'లస్కరు'గా మారి నీటిపారుదల శాఖలో స్థిరపడింది. తెలుగుగంగ, కె.సి. కాలువల ఆయకట్టు రైతుకు అది ఇంటిమాట.

ఒకనాడు ఈ మాటలూ అర్థం కానివే. 1820లో కడప కలెక్టరు వద్ద సహాయకుడిగా చేరిన సి.పి. బ్రౌన్ తర్వాతి కాలంలో కచేరీ వ్యవహారపదాల కోసం జిల్లా నిఘంటువును (1852), తెలుగులోని మిశ్రభాషా పదాల కోసం మరొక నిఘంటువును (1854) ప్రకటించాడు. కావ్యభాష నేర్చినంత మాత్రాన కచేరీలో అర్జీ అర్థం కాదన్న వాస్తవం ఆ గ్రంథాల అవసరంలోనే ఉంది. నేడు ఆ అవసరం తలకిందులైంది. అప్పుడు పైనుంచి వచ్చిన అధికారి కింది సిబ్బంది మాటలు నేర్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు పాత సిబ్బంది కొత్త సిబ్బంది మాటలు నేర్చుకోవలసి వస్తున్నది.

పాతతరానికి తమవైన మార్మికపదాలూ ఉన్నాయి. వాడుకలో ఉన్నదనే అర్థం గల 'మామూలు' లంచానికి మారుపేరైంది. 'చూద్దాం' అనే అధికారి మాట చాలా సందర్భాల్లో సౌమ్యమైన నిరాకరణ. కొత్తగా చేరిన యువకుడు దాన్ని వాగ్దానంగా తీసుకొని మూడోనాడు మళ్లీ అడుగుతాడు. 'ఇంత చెప్పినా అర్థం కాదేం' అని అధికారి విసుక్కుంటాడు. అపార్థం రెండువైపులా పుడుతుందనడానికి ఇది నిదర్శనం.

4. యువతరం పలుకుబడి – నిర్మాణం:
4.1 క్రియానిర్మాణం: యువతరం మాటల్లో నామం అన్యదేశ్యమైనా క్రియ తెలుగే. మెసేజ్ పెట్టు, స్క్రీన్‌షాట్ వెయ్యి, లాగిన్ అవు, అప్‌డేట్ కొట్టు అనే ప్రయోగాల్లో పెట్టు, వేయు, అవు, కొట్టు అనే క్రియలే వాక్యాన్ని నడిపిస్తాయి. పెద్దతరం 'ముద్ర కొట్టు', 'టైపు కొట్టు', 'డ్రాఫ్టు వెయ్యి', 'ఫైలు పుటప్ చెయ్యి' అన్నది కూడా ఈ పద్ధతిలోనే. కాబట్టి కొత్త పలుకుబడి పాత అచ్చులో పోసిన కొత్త లోహం. దాన్ని భాషానాశనంగా భావించడానికి వ్యాకరణపరమైన ఆధారం లేదు.

4.2 యంత్రరూపకాలు: 'బుర్ర హ్యాంగయింది', 'ఛార్జింగ్ అయిపోయింది', 'ఆయన మ్యూట్‌లో ఉన్నాడు' అనే వాక్యాలు యంత్రధర్మాన్ని మనిషికి ఆరోపిస్తాయి. పొలం, పశువులు, బండి ఆధారంగా పుట్టిన పాతజాతీయాల స్థానంలో చరవాణి ఆధారంగా కొత్త జాతీయాలు పుట్టడం జీవనాధారం మారినదనడానికి గుర్తు.

4.3 అర్థవ్యత్యయం: అరుపు అనే అర్థం గల 'కేక' ప్రశంసగా, 'తోపు' సమర్థుడనే అర్థంలో, మేక అనే అర్థం గల ఉర్దూ 'బకరా' మోసపోయినవాడనే అర్థంలో వినిపిస్తాయి. పాతతరం వాడిన 'తుర్రంఖాన్' 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్ పేరునుంచి వచ్చిందని ప్రచారంలో ఉంది. ఆనాటి 'తుర్రంఖాన్', ఈనాటి 'తోపు' ఇంచుమించు ఒకే పని చేస్తాయి. రెండింటిలోనూ మెప్పు, ఎగతాళి కలిసే ఉంటాయి.

4.4 సంబోధన: రాయలసీమలో 'అన్నా', 'అక్కా', 'అప్పా', 'మామా' అంటూ వరసలు కలుపుకొని పిలవడం పరిపాటి. కార్యాలయం దానిపై 'సార్', 'మేడం' అనే పొరను వేసింది. 'బ్రో' ఈ రెండింటినీ దాటి వయసును, హోదాను చదును చేస్తుంది. అయితే తెలుగులో గౌరవం సంబోధనలోనే కాక క్రియాంతంలోనూ ఉంటుంది. 'బ్రో, ఆ జాబితా పంపండి' అన్న వాక్యంలో చనువు, మన్నన రెండూ ఉన్నాయి. 'బ్రో, పంపు' అన్నప్పుడు మన్నన లోపిస్తుంది. వయసులో పెద్దవాడైన అటెండరుకు నొప్పి కలిగించేది 'బ్రో' కన్నా ఆ ఏకవచన క్రియే కావచ్చు.

5. అపార్థం పుట్టే చోటు:
తెలియని మాట వినగానే శ్రోత ఆగుతాడు. 'క్రింజ్ అంటే ఏమప్పా?' అని అడుగుతాడు. అడిగిన తర్వాత ఆ చిక్కు తీరుతుంది. తెలిసిన మాట కొత్త అర్థంలో వచ్చినప్పుడు శ్రోత అడగడు. తనకు తెలిసిన అర్థంతోనే ముందుకు సాగుతాడు.

'ఆ మెమో లైట్ తీసుకోండి సార్' అని యువోద్యోగి అన్నాడనుకొందాం. అతని ఉద్దేశం ఓదార్పు. పెద్ద ఉద్యోగికి అది క్రమశిక్షణపత్రం పట్ల తేలికభావంగా వినిపిస్తుంది. 'ఆ పని లైట్' అన్నప్పుడు అదే మాటకు సులభమనే అర్థం. 'సాయంత్రానికి పక్కా' అనే హామీ కొందరి వాడుకలో ప్రయత్నిస్తాననే ఉత్సాహం మాత్రమే. ఇంకొకరికి అది నమ్మి పైఅధికారికి చెప్పదగిన మాట. వాట్సాప్‌లో వచ్చే బొటనవేలి గుర్తు కొందరికి అంగీకారం, మరికొందరికి చూశాననే సూచన. ప్రశంసలో, ఎగతాళిలో వచ్చే తేడా నవ్వుతో పోతుంది. హామీ, గడువు, పూర్తి, నిరాకరణ అనే నాలుగు చోట్ల వచ్చే తేడా పనిని చెడగొడుతుంది.

6. అర్జీదారు స్థానం:
ఈ సంభాషణకు మూడో శ్రోత బల్లకు అవతల నిలబడిన అర్జీదారు. ఈ-పంట నమోదులో పొలం వివరాలు ఎక్కించడం ఒక దశ, రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ మరొక దశ, పైస్థాయి ధ్రువీకరణ ఇంకొక దశ. వివరాలు ఎక్కించిన సహాయకుడు 'అయిపోయింది పెద్దాయనా' అంటే తన తెరమీది పని ముగిసిందని భావం. రైతు తన పని మొత్తం పూర్తయిందని విని ఊరికి వెళతాడు. వేలిముద్ర పడకపోతే పంటనష్టం సాయం, ధాన్యం అమ్మకం వంటివి చిక్కులో పడతాయి. ఇక్కడ 'అయిపోయింది' కన్నా సులభమైన తెలుగుమాట లేదు. చిక్కంతా ఆ సులభత్వంలోనే ఉంది.

'బియాండ్ ఎస్.ఎల్.ఏ.' అనేది దీనికి భిన్నమైన మాట. గడువు దాటిన అర్జీలను సూచించే ఈ ప్రయోగాన్ని అధికారులు, యువసిబ్బంది సమానంగా వాడతారు. తరాల మధ్య అడ్డు లేదు కాని అర్జీదారుకు అది అగమ్యం. 'గడువు దాటింది' అంటే 'ఎందుకు దాటింది?' అని అతడు అడగగలడు. తెలియని మాటను గురించి తోటి ఉద్యోగి అడిగినంత ధైర్యంగా అర్జీదారు అడగలేడు. 1966 నాటి అధికారభాషా చట్టం తెలుగును పాలనాభాషగా గుర్తించింది. ఆ గుర్తింపు ఉత్తర్వుల భాషకే పరిమితమైతే బల్లదగ్గర దాని ప్రయోజనం స్వల్పం.

7. అనుసరణీయాలు:
యువత మాటలను నిషేధించడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. టీకొట్టు దగ్గరి ముచ్చటకు, పని స్థితిని తెలిపే మాటకు మధ్య ఒక గీత ఉంటే చాలు.

క) 'నమోదైంది', 'మీ వేలిముద్ర పడాలి', 'పైకి పంపాం', 'ఆమోదమైంది', 'సొమ్ము జమైంది' అనే స్థితిసూచక వాక్యాలను కార్యాలయమంతా ఒకే అర్థంలో వాడాలి. 'అయిపోయింది' చివరి దశకే పరిమితం కావాలి.

చ) హామీ ఇచ్చినప్పుడు రోజు, వేళ చెప్పాలి. పెద్దలు కూడా 'చూద్దాం' అనే చోట కాదన్న సంగతిని స్పష్టంగా చెప్పాలి.

ట) యువోద్యోగికి ఫసలీ, జమాబందీలను పెద్దలు, పెద్దలకు కొత్త ప్రయోగాలను యువత వివరించే అవకాశం ఉండాలి. ఒకవైపే నేర్చుకోవాలంటే అది శిక్షగా తోస్తుంది.

త) పరిశోధకులు కార్యాలయాన్ని వృత్తిక్షేత్రంగా చూడాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటం వ్యవసాయపదాలకు చూపిన మార్గం దఫ్తరు మాటలకూ వర్తిస్తుంది. అనుమతితో సంభాషణలు సేకరిస్తే, ఏ మాట వయసుతోపాటు వదిలిపోతుందో, ఏది భాషలో నిలుస్తుందో తేలుతుంది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే ఉద్యోగుల పాత్రను ప్రత్యేకంగా గమనించవలసి ఉంది.

8. ముగింపు:
యువతరం పలుకుబడి తెలుగు వాక్యనిర్మాణానికి లోబడినదే. పెద్దల దఫ్తరు భాష కూడా ఒకనాటి పరాయిమాటల కూడికే. రెండు తరాల మధ్య చిక్కు కొత్తపదాల వద్ద కన్నా హామీ, గడువు, పూర్తి, నిరాకరణలను తెలిపే పరిచితపదాల వద్ద బిగుసుకుంటుంది. ఉద్యోగులిద్దరి మధ్య అపార్థం వస్తే మరునాడు సర్దుకోవచ్చు. వేలిముద్ర వేయకుండా ఊరికి వెళ్లిన రైతుకు గడువు దాటితే సర్దుబాటు అంత సులభం కాదు. కార్యాలయంలో ఏ మాట ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించేటప్పుడు ఏ తరానికి నచ్చిందన్నది ప్రమాణం కారాదు. బల్లకు అవతలివారికి ఆ మాట తమ పని ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగిందా లేదా అన్నదే ప్రమాణం కావాలి.