పాజిటివ్ అంటే మంచా? చెడా?

రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే చాలామంది కళ్లు ఒకే మాట కోసం వెతుకుతాయి. పాజిటివ్ అని ఉందా, నెగెటివ్ అని ఉందా? డాక్టరును కలవక ముందే ఆ మాటను బట్టి సగం ప్రాణం పోవడమో, పోయిన ప్రాణం లేచి రావడమో జరుగుతుంది.

ఇంగ్లీషులో ఇది నిత్యం వాడే విశేషణమే. కాని చోటు మారితే అర్థం మారే రకం. హైస్కూలులో ఇంగ్లీషు మాస్టారు 'టాల్, టాలర్, టాలెస్ట్' అని వల్లె వేయించేటప్పుడు మొదటిదాన్ని పాజిటివ్ డిగ్రీ అంటారు. ఎవరితోనూ పోల్చకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడమని దాని భావం. పక్క క్లాసులో లెక్కల మాస్టారికి అదే మాట సున్నా కంటే పెద్ద సంఖ్య. ఫిలిం కెమెరాల రోజుల్లో స్టూడియో వారికి నెగెటివ్ నుంచి కాగితం మీదికి దింపిన బొమ్మ పాజిటివ్.

లెక్కల్లో దీనికి మన పేరు పాతదే. 628లో బ్రహ్మగుప్తుడు తన 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం'లో ధనం, ఋణం అన్నాడు. చేతిలో ఉన్న సొమ్ము ఒకటి, తీర్చవలసిన అప్పు మరొకటి. షావుకారు చిట్టా చూసినవాడికి ఇంతకంటే తేలిక మాట లేదు. కరెంటు దగ్గర మాత్రం ఈ పోలిక నిలవదు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పాజిటివ్, నెగెటివ్ అని పేర్లు పెట్టేనాటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. 1897లో అది బయటపడ్డాక, తీగలో పరుగెత్తేది నెగెటివ్ అని తేలింది. పేర్లు మాత్రం మారలేదు. బ్యాటరీ మీది ప్లస్సూ మైనస్సూ ఉత్త గుర్తులే.

ఆస్పత్రి కాగితంలో

ఆస్పత్రిలో పాజిటివ్ అంటే వెతికినది కనిపించిందని, నెగెటివ్ అంటే కనిపించలేదని. ఏం వెతికారన్నదే అసలు ప్రశ్న. పిల్లల కోసం ఎదురు చూస్తున్న ఇంట్లో గర్భపరీక్ష పాజిటివ్ అయితే మిఠాయి పంచుతారు. కఫం పరీక్షలో క్షయ పాజిటివ్ అయితే ఆలస్యం లేకుండా మందులు మొదలుపెట్టాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ మాట మనుషులకే పేరయింది. 'ఆ పాజిటివ్ వాళ్ల ఇల్లు' అని వేలెత్తి చూపారు. పాజిటివ్‌గా ఆలోచించమని సలహాలిచ్చిందీ ఆ ఏడాదే!

ఇంగ్లీషు మాట కింద 'కనిపించింది', 'కనిపించలేదు' అని తెలుగులో ఒక్క ముక్క అచ్చు వేయడానికి పరీక్షా కేంద్రాలకు అయ్యే ఖర్చు ఎంత?

రక్తం గ్రూపు దగ్గర చిక్కు మరీ ఎక్కువ. 'బి పాజిటివ్' జబ్బు కాదు. ఎర్రకణాల మీద ఆర్‌హెచ్ డి అనే పదార్థం ఉందని మాత్రమే. మన దేశంలో నూటికి తొంభైమందికి పైగా పాజిటివ్ వారే. నెగెటివ్ అని చూసి హమ్మయ్య అనుకునే గర్భిణులే జాగ్రత్తగా ఉండాలి. భర్త పాజిటివ్ అయితే బిడ్డా పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే, దాన్ని ఎదిరించే పదార్థాలు తల్లి ఒంట్లో పుడతాయి. తొలిచూలు బిడ్డకు సాధారణంగా ముప్పు ఉండదు. తరువాతి బిడ్డకు రక్తహీనత, కామెర్లు, ఒక్కోసారి ప్రాణాపాయం. దీన్ని ఆపడానికి 'యాంటీ-డి' ఇంజక్షన్ ఉంది. బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల లోపల తల్లికి వేస్తారు. గర్భస్రావమైనా డాక్టరును అడగాలి. తల్లి గ్రూపు తొలి నెలల్లోనే చూసేది ఇందుకే.

హెచ్ఐవి విషయంలో ఒక్క పరీక్షతో పాజిటివ్ అని ముద్ర వేయరు. లక్షణాలు లేనివారికి మూడు వేర్వేరు కిట్లతో చూసి గాని తేల్చరు. ఈమధ్యే సోకి ఉంటే మొదట నెగెటివ్ రావచ్చు గనుక, అనుమానం ఉన్నవారు కొన్ని వారాల తరువాత మళ్లీ చూపించుకోవాలి. పాజిటివ్ అయినంత మాత్రాన ఉద్యోగం, చదువు, వైద్యం నిరాకరించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వాస్పత్రులలోని కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఫలితం గోప్యంగా ఉంచుతారు.