ఖాజీ లేని చోట షరియా: బాప్తిస్మము అడిగిన స్త్రీకి కాపరి ఏమి చెప్పాలి?

కొన్ని సంవత్సరాల క్రితం నేను కాపరిగా ఉన్న సంఘానికి ఒక ముస్లిం సోదరి వచ్చి బాప్తిస్మము కోరింది. మూడు వారాలు వాక్యము విన్న తరువాత, "నేను బాప్తిస్మము తీసుకుంటే నా నిఖా రద్దయిపోతుంది కదా అయ్యగారూ?" అని అడిగింది. భర్త జాడ తెలియక ఆమెకు ఏళ్లు గడిచాయి. నా దగ్గర జవాబు లేదు. బి.డి. తరగతులలో ఇస్లాము సిద్ధాంతములు చదివాను గాని, ఇస్లాము న్యాయస్థానము ఎలా పనిచేస్తుందో చదవలేదు.

షరియా అనే అరబ్బీ మాటకు నీటి రేవుకు పోయే దారి అని మూలార్థము. ఖురాను, ప్రవక్త సంప్రదాయము, పండితుల ఏకాభిప్రాయము, సాదృశ్య తర్కము దీనికి ఆధారములు. వీటి నుండి పండితులు రూపొందించిన ధర్మశాస్త్రమే ఫిఖ్. సున్నీలలో హనఫీ, మాలికీ, షాఫీ, హంబలీ అని నాలుగు శాఖలున్నాయి. మన ప్రాంతపు ముస్లిములలో ఎక్కువమంది హనఫీలు.

ముఫ్తీకి, ఖాజీకి గల భేదము మన సేవకులు తరచుగా పొరబడే విషయము. అడిగినవానికి ధర్మమేమిటో చెప్పేవాడు ముఫ్తీ. అతని ఫత్వా అభిప్రాయము మాత్రమే. ఇరుపక్షాలను విని తీర్పు ఇచ్చేవాడు ఖాజీ. శాస్త్రము ప్రకారము ఖాజీ ఒక్కడే కూర్చుని విచారిస్తాడు. రుజువు చేసే భారము ఫిర్యాది మీద ఉంటుంది. రుజువు లేకపోతే, కాదన్నవాడు దేవుని పేరిట ప్రమాణము చేయాలి. సాక్షి చెప్పిన మాటతో పాటు అతని నడవడిని కూడా విచారిస్తారు. కోపముతో ఉన్నప్పుడు ఖాజీ తీర్పు చెప్పరాదు. రాజీకి వీలుంటే దానినే ప్రోత్సహిస్తారు.

ఖాజీ లేకపోతే ఎక్కువగా నష్టపోయేది స్త్రీ. భర్తకు తలాక్ తన నోటనే ఉంది. భార్య ఖులా కోరవచ్చు గాని, హనఫీ మతములో దానికి భర్త సమ్మతి కావాలి. అతడు ఒప్పుకోకపోతే, లేదా కనబడకుండా పోతే, వివాహమును రద్దు చేయవలసినవాడు ఖాజీ. మన పత్రికలు తలాక్ గురించే వ్రాస్తూ వచ్చాయి. ఒకేసారి చెప్పే మూడు తలాకులను 2017లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 2019లో చట్టము నేరముగా చేసింది. తలాక్ చెప్పకుండా వదిలివేయబడిన స్త్రీ గోడు మాత్రము అంతగా వినబడలేదు.

1772 నుండి కంపెనీ కోర్టులలో ఖాజీలు, ముఫ్తీలు ధర్మశాస్త్రము చెప్పే అధికారులుగా ఉండేవారు. 1864లో ఆ పదవులు రద్దయ్యాయి. 1880 నాటి ఖాజీల చట్టము ఖాజీలను మళ్లీ నియమించడానికి వీలిచ్చింది గాని, న్యాయాధికారము ఇవ్వలేదు. పైగా, కనబడని భర్త కోసము అతని ఈడువారు గతించేవరకు భార్య వేచియుండాలన్నది ప్రాచీన హనఫీ నియమము. దానిని సాధారణముగా అతనికి 90 ఏళ్లు నిండేవరకు అని లెక్కించేవారు.

అయితే ఒక్క దారి మిగిలింది. భార్య ఇస్లామును విడిచిపెడితే వివాహము తెగిపోతుందని హనఫీ శాస్త్రము చెప్పేది, బ్రిటిషు కోర్టులు దానిని అంగీకరించేవి. అందుచేత పంజాబులోను, మరికొన్ని చోట్లను స్త్రీలు విడుదల కొరకు మతము మారారు. వారిలో కొందరు క్రైస్తవులయ్యారు. 1930లో వెలువడిన తన ఉపన్యాస గ్రంథములో కవి ఇక్బాల్ ఈ సంగతిని ప్రస్తావించాడు. ఆనాటి మిషను నివేదికలు చదివేటప్పుడు ఇది మనస్సులో ఉంచుకోవాలి. ఆ బాప్తిస్మములలో ఎన్ని విశ్వాసమువలన, ఎన్ని నిస్సహాయతవలన అని అడగడము అవిశ్వాసము కాదు.

దేవబందు పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 1930ల తొలి ఏళ్లలో ఈ చిక్కుకు ఒక గ్రంథము వ్రాశాడు. మతము మారినంత మాత్రాన వివాహము తెగదన్నాడు. అదే సమయములో మాలికీ శాఖ నుండి ఉదారమైన కారణములను అరువు తెచ్చుకోవచ్చునన్నాడు. ఒక ద్వారము మూసి మరొకటి తెరిచాడన్నమాట. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టములో ఈ రెండూ కనబడతాయి. భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, క్రూరముగా ప్రవర్తించినా భార్య కోర్టుకు వెళ్లవచ్చు. ఇటువంటి తీర్పు ముస్లిం న్యాయాధిపతే ఇవ్వాలని ఉలేమాలు కోరారు; ఆ నిబంధన చట్టములోకి రాలేదు.

నేటి దారుల్ ఖజాలు ఆ లోటు నుండి పుట్టినవే. బీహారులో ఇమారతె షరియా 1921లోనే ఏర్పడింది. 2014లో సుప్రీంకోర్టు వీటిని నిషేధించలేదు గాని, వీటి తీర్పులకు, ఫత్వాలకు చట్టబలము లేదని తేల్చింది. మనము వేలెత్తి చూపనక్కరలేదు. చర్చి ట్రిబ్యునలు ఇచ్చిన వివాహ రద్దుకు కూడా సివిల్ చట్టములో విలువ లేదని అదే కోర్టు చెప్పింది. 2001 సవరణ వరకు మన క్రైస్తవ భార్య విడాకులు పొందాలంటే చాలా సందర్భాలలో భర్త వ్యభిచారముతో పాటు క్రూరత్వమో పరిత్యాగమో కూడా రుజువు చేయవలసి వచ్చేది. భర్తకైతే భార్య వ్యభిచారమొక్కటే చాలేది.

ఆ సోదరి ప్రశ్నకు జవాబు 1939 చట్టము 4వ సెక్షనులో ఉంది. పుట్టుకతో ముస్లిమైన స్త్రీ బాప్తిస్మము పొందినంత మాత్రాన ఆమె వివాహము రద్దు కాదు. ఆ స్థితిలో మరొకరితో వివాహము జరిపిస్తే అది చెల్లదు, ద్వివివాహ నేరము కూడా అవుతుంది. అయితే మతము మారిన తరువాత కూడా ఆ చట్టములోని కారణములపై దావా వేసే హక్కు ఆమెకు ఉంటుంది. ఈ సంగతి నాకు ఒక న్యాయవాది మిత్రుడు చెప్పగా తెలిసింది. ఆయన చేతనే దావా వేయించాము. భర్త జాడ తెలియదన్న కారణముపై తీర్పు వచ్చినా ఆరు నెలలు ఆగాలి. ఆలోగా అతడు తిరిగివచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే తీర్పు రద్దవుతుంది. ఆ కేసు నడిచినంత కాలము ఆమె బాప్తిస్మ తరగతికి వస్తూనే ఉంది, వివాహము మాట ఇద్దరమూ ఎత్తలేదు.