రంగు, అంకె, తీపి చెప్పని నిజం: పాత రమ్ నాణ్యతను నిపుణులు ఎలా నిర్ణయిస్తారు?

చెరకు నుంచి తయారయ్యే రమ్‌ను శీతల పానీయంలో కలుపుకొని తాగే చౌక మద్యంగా చూడడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఓక్ పీపాలలో ఏళ్ల తరబడి నిల్వచేసి, ఏమీ కలపకుండా కొద్దికొద్దిగా రుచి చూసేందుకు ఉద్దేశించిన రమ్‌లు వేరొక తరగతికి చెందినవి. కరీబియన్ దీవులైన జమైకా, బార్బడోస్, మార్టినిక్‌లు వీటికి ప్రసిద్ధి. భారతదేశంలోనూ ఈ తరగతి రమ్‌లు ఇటీవల మార్కెట్‌లోకి వస్తున్నాయి. వీటి ధర సాధారణ రమ్ ధరకు అనేక రెట్లు ఉంటుంది. అంత ధర చెల్లించే వినియోగదారుడు సాధారణంగా మూడు అంశాలను నమ్ముతాడు. రంగు ముదురుగా ఉండడం మొదటిది, సీసాపై పెద్ద అంకె కనిపించడం రెండవది, నాలుకకు తియ్యగా తగలడం మూడవది. కాలంతో నిమిత్తం లేకుండానే ఈ మూడింటినీ సమకూర్చవచ్చు. అందుకే అనుభవజ్ఞులైన పరీక్షకులు వీటిని దాటి లోపలికి చూస్తారు.

రంగు వయస్సుకు సాక్ష్యం కాదు

చెరకు రసాన్ని గానీ, చక్కెర తయారీలో మిగిలే మొలాసిస్‌ను గానీ పులియబెట్టి బట్టీ పట్టినప్పుడు వెలువడే రమ్ నీటివలె నిర్మలంగా ఉంటుంది. దానికి బంగారు, గోధుమ వన్నెలు పీపా కలప నుంచే సంక్రమిస్తాయి. అమెరికాలో బర్బన్ విస్కీని లోపలి భాగం కాల్చిన కొత్త ఓక్ పీపాలలోనే నిల్వచేయాలని చట్టం నిర్దేశిస్తోంది. ఒకసారి వాడిన ఆ పీపాలలో అధిక భాగం ఇతర దేశాలకు చేరుతుంది. ప్రపంచంలోని పాత రమ్‌లో చాలావరకు ఈ పీపాలలోనే పక్వమవుతుంది.

అయితే కాల్చిన చక్కెరతో తయారుచేసే క్యారమెల్ రంగును రమ్‌లో కలిపేందుకు అనేక దేశాల నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఒక్కో పీపాలో ఒక్కో ఛాయ వస్తుంది కనుక, సీసాలన్నీ ఒకే రంగులో కనిపించేందుకు ఉత్పత్తిదారులు దీనిని వాడతారు. ఫలితంగా ఏడాదైనా నిండని రమ్ సైతం నల్లని పాకంలా కనిపించవచ్చు. ఇందుకు భిన్నంగా, కొన్నేళ్లు పీపాలో ఉన్న రమ్‌ను బొగ్గుతో వడగట్టి రంగు తొలగించి తెల్లని రమ్‌గా విక్రయించే పద్ధతి కూడా ఉంది. గ్లాసును తిప్పినప్పుడు లోపలి గోడల వెంట నెమ్మదిగా జారే ధారలు ద్రవం చిక్కదనాన్ని, మద్యసార శాతాన్ని సూచిస్తాయి. వాటిని బట్టి నాణ్యతను నిర్ణయించలేము.

అంకె వెనుక లెక్క

ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం, మిశ్రమంలోని అతి తక్కువ వయస్సు గల మద్యం ఎన్నేళ్లదో ఆ సంఖ్యనే వయస్సుగా పేర్కొనాలి. ఆ లెక్కన 12 ఏళ్ల రమ్ అంటే అందులోని ప్రతి చుక్కా కనీసం 12 ఏళ్లు పీపాలో గడిపినట్లే. కానీ అన్ని సీసాలపై కనిపించే అంకెలకు ఇదే అర్థం లేదు. స్పెయిన్‌లో షెర్రీ ద్రాక్షాసవం తయారీలో పుట్టిన సొలేరా పద్ధతిలో, పాత పీపా నుంచి కొంత తీసి, ఆ ఖాళీని తరువాతి వరుసలోని కొత్త మద్యంతో నింపుతూ పోతారు. ఇటువంటి మిశ్రమంలో అత్యంత పాత భాగపు వయస్సును సీసాపై పెద్ద అక్షరాలతో ముద్రిస్తే, అందులో అధిక భాగం అంతకంటే చిన్న వయస్సుదే కావచ్చు. అంకె పక్కన ‘ఏళ్లు’ అన్న మాట ఉన్నదా లేదా అన్నది కొనుగోలుదారు మొదట గమనించవలసిన విషయం.

ఎక్స్ఓ, రిజర్వ్, ప్రీమియం వంటి పదాలకూ అన్ని దేశాలకు వర్తించే నిర్వచనం లేదు. మార్టినిక్‌లో మాత్రం 1996 నుంచి ఫ్రాన్స్ మూలస్థాన నియమావళి అమలులో ఉంది. చెరకు రసంతో చేసిన అక్కడి రమ్‌ను ‘వియూ’, అనగా పాతది, అని పిలవాలంటే కనీసం 3 ఏళ్లు, ఎక్స్ఓ అనాలంటే కనీసం 6 ఏళ్లు పీపాలో ఉండాలి.

నిజమైన వయస్సు సైతం వాతావరణాన్ని బట్టి వేర్వేరు ఫలితాలనిస్తుంది. పీపా రంధ్రాల గుండా ఏటా కొంత ద్రవం ఆవిరవుతుంది. దీనిని ‘దేవదూతల వాటా’ అంటారు. చల్లని స్కాట్లాండ్‌లో ఇది ఏడాదికి సుమారు 2 శాతం. కరీబియన్ ఉష్ణంలో 6 శాతం లేదా అంతకు మించి ఉంటుంది. బెంగళూరు వంటి చోట్ల 10 శాతాన్ని దాటుతుంది. 200 లీటర్ల పీపాను 12 ఏళ్లు నిల్వచేస్తే, 2 శాతం నష్టంతో సుమారు 157 లీటర్లు, 6 శాతంతో 95 లీటర్లు, 10 శాతంతో 56 లీటర్లు మాత్రమే మిగులుతాయి. వేడి ప్రాంతంలో ద్రవం కలపలోకి చొచ్చుకుపోయి తిరిగి వెలువడే ప్రక్రియ కూడా వేగంగా సాగుతుంది. కనుక ఉష్ణ దేశంలో 5 ఏళ్లు గడిపిన రమ్, శీతల దేశపు గిడ్డంగిలో 10 ఏళ్లు ఉన్న రమ్ కంటే ఎక్కువ పక్వంగా తోచవచ్చు. అలాగే ఉష్ణ దేశంలో మరీ ఎక్కువకాలం ఉంచితే కలప చేదు, వగరు మిగతా గుణాలను మింగివేస్తాయి. వయస్సు పెరిగినకొద్దీ నాణ్యత పెరుగుతుందన్న భావన ఇక్కడ నిలవదు.

తీపి ఎక్కడి నుంచి వస్తుంది?

రమ్ చెరకు నుంచి వచ్చినా, బట్టీ పట్టిన తరువాత అందులో చక్కెర మిగలదు. ఆవిరిగా మారి తిరిగి ద్రవమయ్యే మద్యసారంతో పాటు చక్కెర ప్రయాణించదు. పీపా నుంచి సంక్రమించే తీపి స్వల్పమే. తేనెలా చిక్కగా, తియ్యగా తోచే రమ్‌లో చాలా సందర్భాలలో తరువాత చక్కెర కలిపి ఉంటారు. ఐరోపా సమాఖ్య లీటరుకు 20 గ్రాముల వరకు దీనిని అనుమతిస్తోంది. జమైకా భౌగోళిక సూచిక నియమాలు చక్కెర కలపడాన్ని అంగీకరించవు.

చక్కెర కలపడం దానంతట అదే కల్తీ కాదు. కొన్ని దేశాల సంప్రదాయంలో అది భాగం. ఆక్షేపణ రెండు కారణాల వల్ల వస్తోంది. పచ్చి మద్యం ఘాటును, తయారీ లోపాలను తీపి కప్పివేస్తుంది. సీసాపై ఆ సంగతి చెప్పకపోతే, కాలానికి చెల్లించిన ధర చక్కెరకు చెల్లించినట్లవుతుంది. ఫిన్లాండ్ ప్రభుత్వ మద్య విక్రయ సంస్థ ఆల్కో తాను అమ్మే రమ్‌లలోని చక్కెర పరిమాణాన్ని వెల్లడిస్తోంది. ఇతరత్రా ఉన్న సులువైన ఉపాయం హైడ్రోమీటర్. మద్యసారం ద్రవ సాంద్రతను తగ్గిస్తుంది, కరిగిన చక్కెర పెంచుతుంది. సీసాపై 40 శాతం అని ఉండి, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద పరికరం చెప్పుకోదగినంత తక్కువ చూపితే ఏదో కరిగి ఉన్నదని అర్థం. కలప నుంచి వచ్చిన పదార్థాల వల్ల కూడా కొద్దిపాటి తేడా రావచ్చు.

ముక్కుతో మొదలయ్యే పరీక్ష

నాణ్యత నిర్ణయంలో సింహభాగం ముక్కుదే. అడుగు విశాలంగా, అంచు ఇరుకుగా ఉండే తులిప్ ఆకారపు గ్లాసును నిపుణులు ఎంచుకుంటారు. పరిమళాలు పైకి చేరి అక్కడే నిలిచేందుకు అది తోడ్పడుతుంది. ఐసు వాడరు. చల్లదనం వాసనలను అణచివేస్తుంది. సుమారు 20 మిల్లీలీటర్లు పోసి కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గ్లాసులో ముక్కు ముంచకుండా కాస్త దూరంగా పట్టి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూస్తే మద్యసారపు ఘాటు ముక్కును మొద్దుబార్చదు.

వాసనలు మూడు మూలాల నుంచి వస్తాయి. ముడి సరకు నుంచి బెల్లం పాకం, పచ్చి చెరకు వంటి వాసనలు వస్తాయి. పులియబెట్టే దశలో పుట్టే ఎస్టర్లు మగ్గిన అరటిపండు, అనాస వాసనలనిస్తాయి. ఓక్ కలప వెనీలా, కొబ్బరి, లవంగం ఛాయలను చేరుస్తుంది. మంచి రమ్‌లో ఈ మూడూ వినిపించాలి. వెనీలా ఒక్కటే మిఠాయి దుకాణంలో వలె ఉప్పొంగితే పరీక్షకుడు అనుమానిస్తాడు. గోళ్ల రంగు తుడిచే ద్రావకపు వాసన హద్దు మీరినా, గంధకపు వాసన లేదా తడిసిన అట్టపెట్టె వాసన వచ్చినా దోషంగా పరిగణిస్తారు.

ఇక్కడ శైలిని గుర్తెరగడం అవసరం. జమైకాలో ఎస్టర్ల పరిమాణాన్ని బట్టి రమ్‌ను వర్గీకరిస్తారు. వంద లీటర్ల శుద్ధ మద్యసారానికి 80 నుంచి 150 గ్రాములు ఉన్నది తేలిక రకం. అత్యంత గాఢమైన రకంలో ఇది 1600 గ్రాముల వరకు ఉంటుంది. బార్బడోస్ రమ్‌లో దోషంగా తోచే ముగ్గిన పండు వాసన, జమైకా రమ్‌లో ఆ ప్రాంతపు ముద్ర కావచ్చు. ఏ శైలినైనా దాని ప్రమాణంతోనే తూచాలి.

నాలుక, గొంతు, ఖాళీ గ్లాసు

మొదటి చుక్క నాలుకను సిద్ధం చేయడానికే. రెండవసారి అతి స్వల్పంగా తీసుకుని నోరంతా తిప్పుతారు. తీపి, పులుపు, చేదు, వగరు ఏ క్రమంలో వస్తున్నాయో, ఒకదానినొకటి అణచివేస్తున్నాయో, తోడ్పడుతున్నాయో గమనిస్తారు. మద్యసార శాతం అధికంగా ఉంటే కొన్ని చుక్కల నీరు కలిపి మళ్లీ చూస్తారు. మంచి రమ్ నీరు తగిలితే విచ్చుకుంటుంది. పేలవమైనది చప్పబడిపోతుంది.

మింగిన తరువాత, లేదా వృత్తి నిపుణులు చేసినట్లు ఉమ్మివేసిన తరువాత, మిగిలే రుచి అసలు పరీక్ష. అది ఎంతసేపు నిలిచింది, నిలిచినంతసేపూ ఎలా మారింది అన్నది ముఖ్యం. పక్వమైన రమ్‌లో చివరకు నాలుక పొడిబారి, మసాలా, కలప ఛాయలు మిగులుతాయి. చక్కెర కలిపిన దానిలో తీపి ముందుగా వచ్చి, అతుక్కుని, మరేమీ చెప్పకుండా ముగుస్తుంది. ఖాళీ గ్లాసును రాత్రంతా అలాగే ఉంచి, ఉదయం వాసన చూడడం పాత పద్ధతి. మద్యసారం ఆవిరయ్యాక మిగిలే కలప, పాకం పరిమళాలు పీపా కథను చెబుతాయి. అడుగున జిగురు పొర మిగిలితే చక్కెర కథను చెబుతుంది.

ఈ పరీక్ష ఫలించాలంటే సీసా కనబడకూడదు. ధర, పేరు తెలిసిన నాలుక నిష్పక్షపాతంగా ఉండడం కష్టం. అందుకే గ్లాసులకు అంకెలు వేసి, తేలిక రకం నుంచి గాఢమైనదానికి వరుసగా పోతారు. జమైకాకు చెందిన జాయ్ స్పెన్స్ రసాయన శాస్త్రం చదివి, 1997లో ఆపిల్టన్ ఎస్టేట్ ప్రధాన మిశ్రమ నిపుణురాలయ్యారు. మద్య పరిశ్రమలో ఆ హోదాను అందుకున్న తొలి మహిళగా ఆమెకు గుర్తింపు ఉంది. ప్రయోగశాల లెక్కలు, శిక్షణ పొందిన ముక్కు రెండూ ఈ వృత్తికి అవసరమనడానికి ఆమె ప్రస్థానమే నిదర్శనం.

భారతీయ వినియోగదారునికి

భారతదేశంలో రమ్ అనగానే గుర్తుకు వచ్చేది ముదురు రంగు రమ్మే. మోహన్ మీకిన్ సంస్థ 1954లో విడుదల చేసిన ఓల్డ్ మాంక్, సైనిక క్యాంటీన్లు ఆ అభిరుచిని తరతరాలకు అలవాటు చేశాయి. కనుక ముదురు రంగే పాతదనమన్న నమ్మకం ఇక్కడ మరింత బలంగా ఉంది. ఖరీదైన సీసాను ఎంచుకునేవారు ముడి సరకు ఏది, బట్టీ ఎక్కడ పట్టారు, ఏ దేశపు వాతావరణంలో ఎన్నేళ్లు ఉంచారు, రంగు లేదా చక్కెర కలిపారా అన్న నాలుగు ప్రశ్నలకు లేబుల్ సమాధానమిస్తున్నదా అని చూడాలి. కథలు ఎక్కువ, వివరాలు తక్కువ ఉన్న లేబుల్‌కు పెద్ద ధర చెల్లించవలసిన అవసరం లేదు.

మద్యం ఎంత పాతదైనా, ఎంత ఖరీదైనదైనా శరీరానికి మద్యమే. సురక్షితమైన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. మద్యపానాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. గుజరాత్, బీహార్ వంటి రాష్ట్రాలలో మద్యనిషేధం అమలులో ఉంది. ఇతర రాష్ట్రాలలో కనీస వయోపరిమితులు వేర్వేరుగా ఉన్నాయి. రుచి పరీక్షకు కావలసింది కొన్ని చుక్కలే. మూడు నాలుగు గుటకలు దాటితే ముక్కు, నాలుక తీర్పు చెప్పే శక్తిని కోల్పోతాయి. అందుకే వృత్తి పరీక్షకుల బల్ల మీద గ్లాసుల పక్కన ఉమ్మివేసే పాత్ర తప్పనిసరిగా ఉంటుంది.